ఇంజన్ ఆపిన కార్లు

డులూత్ ఊళ్ళో, నలభై ఏడు చలికాలం.
మంగళవారం రాత్రి ఏడున్నర.
లూథరన్ చర్చి పక్క సందులో
వరసగా ఐదు కార్లు, ఇంజన్లు ఆపేసి.
పెట్రోలు ఖరీదు మరి.

మగవాళ్ళు మేడమీద.
పసుపు దీపం కింద ఒకరి తర్వాత ఒకరు లేచి
పేరు చెప్పుకుని, తాగుబోతునని ఒప్పుకుంటున్నారట.
కింద ఒక్కో కారులో ఒక్కో భార్య,
మోకాళ్ళ మీద కంబళి, ఒళ్ళో చేతిసంచి,
పక్క కారు వంక చూడకుండా.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వెనక సీట్లో
అద్దానికి పట్టిన మంచు మీద
గోటితో గుర్రాన్ని గీస్తున్నాను.
మా అమ్మ హిల్మా ముందు సీట్లో మేజోడు అల్లుతోంది,
చీకట్లో, చూడకుండానే.
అమ్మ చాలా పనులు చూడకుండానే చేసేది:
నాన్న కోటు జేబులు తడమడం,
మెట్ల మీద అడుగుల చప్పుడు విని
ఇది ఏ రకం రాత్రో చెప్పెయ్యడం,
పొద్దున్నే ఇనుపరాయి రేవు ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి
"ఆర్విడ్‌కి మళ్ళీ జ్వరమండీ" అనడం.
అప్పటికి మా నాన్నకి పద్నాలుగు జ్వరాలు.
లెక్కల పుస్తకం చివరి పేజీలో
పెన్సిలు గీతలు పెట్టుకున్నాను.

కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది కదా,
నవంబరంతా, డిసెంబరంతా
ఆ సందులో ఎవరూ చించుకోలేదు.

జనవరిలో ఒక రాత్రి సరస్సు మీంచి గాలి
సూదులు పట్టుకుని వచ్చింది.
మూడో కారు తలుపు తెరుచుకుంది.
ఎర్ర ఊలు టోపీ పెట్టుకున్న లావుపాటి ఆవిడ
మంచులో దిగబడుతూ వచ్చి మా అద్దం మీద కొట్టింది.
అమ్మ దించలేదు.
ఆవిడ మళ్ళీ కొట్టింది.
"నా పేరు ఒటీలియా. మా హీటరు చచ్చింది. మీది బతికే ఉందా?"
లేదు, అంది అమ్మ.
"అయితే కలిసి వణుకుదాం" అంటూ
జవాబు కోసం ఆగకుండా ఎక్కి కూచుంది.
కారు ఒక పక్కకి ఒరిగింది.

కాసేపు చలి గురించి. కాసేపు బంగాళాదుంపల ధర.
తర్వాత ఒటీలియా, గ్లవ్ లోంచి వేళ్ళు ఒక్కొక్కటే లాక్కుంటూ,
"సీసా దొరికితే సింకులో ఒంపేసేదాన్ని.
ఒకసారి ఒంపకుండా నేనే తాగేశాను,
వాడికి మిగలకూడదని" అంది.

అల్లికసూదులు ఆగాయి.
అమ్మ నవ్వింది.
నేను ఉలిక్కిపడ్డాను. ఆ చప్పుడు
ఇంట్లో చివరిసారి ఎప్పుడు విన్నానో గుర్తు లేదు.
మధ్యలో ఎక్కడో దారి తప్పి అది ఏడుపైంది,
మళ్ళీ నవ్వైంది.
"నేను నీళ్ళు కలుపుతాను" అంది అమ్మ,
"సగానికి సగం. ఆయనకి తెలుసు.
తెలుసని నాకూ తెలుసు."

పై మంగళవారం మా కారులో నలుగురు.
నన్ను పానాల పెట్టె మీదకి తరిమారు.
ఫిబ్రవరికి ఊపిర్లతో అద్దాలన్నీ మసకేసి
నా గుర్రాలకి కావలసినంత మైదానం.
మార్చిలో చర్చి కాపలాదారు జాలిపడి
వంటగది తాళంచెవి ఇచ్చాడు,
మేడమీదికి కాఫీ పంపిస్తారనుకున్నాడు పాపం.
పంపించారు కూడా. ముందు తాము తాగి.

ఏప్రిల్‌లో నాన్న ఆ మేడ ఎక్కడం మానేశాడు.
మంగళవారం మాత్రం వచ్చింది.
కారు బార్ ముందు ఉంది.
అమ్మ పొయ్యి ఆర్పి టోపీ పెట్టుకుంది.
"నాన్న వెళ్ళట్లేదుగా, మనమెందుకు?" అన్నాను.
బూట్ల లేసు ముడేస్తూ కొంచెం ఆలోచించి,
"ఆయన మంగళవారం ఆయన పారేసుకున్నాడు.
నాది నా దగ్గరే ఉంది" అంది.
కరిగే మంచులో పద్దెనిమిది వీధులు నడిచాం.
నా ఎడమ బూటుకి చిల్లి.

మర్నాడు ఫోన్ మోగింది. ఫోర్‌మన్.
అమ్మ చేతుల నిండా పిండి.
రిసీవరు భుజానికి ఆనించుకుని చాలాసేపు ఊరుకుంది.
నేను పదిహేనో గీతకి పెన్సిలు తీశాను.
"ఇంట్లోనే ఉన్నాడు" అంది అమ్మ.
"ఎందుకు రాలేదో ఆయన్నే అడగండి. పిలుస్తాను."

మెట్ల మీద అడుగుల చప్పుడు.
అమ్మ ఈసారి చెవి పెట్టలేదు, పిండి పిసుకుతోంది.
ఉప్పు వెయ్యడం మరిచిపోయింది.
ఆ రొట్టె మూడు రోజులు తిన్నాం.